మా హాల్లో ఇగ్బో రాజు

మొన్న ఫోనులో ఏదో వెతుకుతుంటే నైజీరియా సినిమా ముక్కొకటి కనిపించింది. ఎర్రటోపీల పెద్దలు వంగి దండం పెడుతుంటే, టోపీలో గద్ద ఈక గుచ్చుకున్న రాజుగారు సింహాసనం మీద దర్జాగా విసనకర్ర ఊపుతున్నారు. వంట సంగతి మర్చిపోయి చూస్తూ నిలబడిపోయాను. మనసు దక్షిణాఫ్రికాలో, స్టాంగర్ ఊళ్లో మేమున్న అద్దింటికి వెళ్లిపోయింది.

అక్కడ తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రెండో ఏడో, మూడో ఏడో, మావారికి చక్కెర మిల్లులో ఇంజనీరు ఉద్యోగమని గుంటూరు నుంచి వెళ్లాం. పక్కింట్లో నైజీరియాలోని ఇగ్బో జాతికి చెందిన డాక్టరుగారు, తొమ్మిదేళ్ల కూతురు. భార్య ఇంకా నైజీరియా నుంచి రాలేదు. బడిలో పిల్లలు వెక్కిరిస్తున్నారని, గేటు దగ్గర తనతో ఇగ్బోలో మాట్లాడొద్దని ఆ పిల్ల తండ్రికి గట్టిగా చెప్పేసిందట. ఆ మాట నాతో చెప్తూ అంత పెద్దమనిషీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, వాళ్ల ఊరినుంచి వచ్చిన రాజుగారి సినిమా వీడియో క్యాసెట్ పట్టుకుని తండ్రీకూతుళ్లు మా ఇంటికొచ్చారు. వాళ్లకి వీసీఆర్ లేదు. వెనకింటి పెద్దమ్మ కూడా చేరింది. ఆవిడ పూర్వీకులు చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్లు. ఆవిడ నోట మన భాష తునకలుగా మిగిలింది. రాజు అరిచినప్పుడల్లా, "అయ్యో, ఈ రాజు టూ మచ్ తిట్టేది!" అని చెవులు మూసుకునేది.

ఇంతలో తెర మీద రాజు నిండు సభలో పళ్లెం ముందేసుకుని ఆబగా తినడం మొదలెట్టాడు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"తప్పు! మా ఊళ్లో రాజు నలుగురి ముందూ తినడు!"

"ఎందుకు తినడు?" అంది కూతురు.

ఇక ఆయన్ని ఆపడం మా తరం కాలేదు. రాజు ఆకలి జనానికి కనబడకూడదనీ, ఆయన మెల్లగా పలికితే ఇంకో పెద్దాయన ఆ మాటను అందరికీ వినిపిస్తాడనీ చెప్పారు. పెద్దరికానికి గుర్తుగా ఎర్రటోపీ అందుకున్న రోజున తన తాత ఎలా నడిచాడో మా సోఫాకీ టీవీకీ మధ్య నడిచి చూపించారు. టేపు దాని మానాన అది తిరుగుతోంది, చూసేవాళ్లెవరూ లేరు. ఆ పిల్ల ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ, తనకి తెలియకుండానే ఇగ్బోలోకి జారిపోయింది.

ఆ నెలలోనే బడికి పిల్లల్ని తమ పెద్దల వేషాల్లో రమ్మన్నారు. ఆ పిల్ల సినిమాలో యువరాణిలా వెళ్తానంది. ఆ యువరాణికేమో మెడనిండా పగడాలు. మరి మాకెక్కడివి? పెద్దమ్మ వెళ్లి పెట్టెలోంచి ఒక దండ తెచ్చి అమ్మాయి మెడలో వేసింది.

"మా అవ్వ షిప్‌లో తెచ్చింది. జాగర్త, డోంట్ బ్రేక్, ఏ?"

డాక్టరుగారు ఆ దండని వేళ్లతో తాకి, "మీకూ పగడాలేనా!" అన్నారు.

వేషాల రోజు సాయంత్రం అమ్మాయిని తీసుకురావడానికి ఆయనతో పాటు నేనూ బడి గేటు దగ్గరికి వెళ్లాను. తోటిపిల్లలందరూ వింటుండగా అమ్మాయి తండ్రిని ఇగ్బోలో గట్టిగా కేకేసింది. ఆయన ఇగ్బోలోనే, అంతకంటే గట్టిగా బదులు పలికారు.

ఆ సినిమా నిండా తప్పులేనని ఆయన తర్వాత కూడా అంటూనే ఉండేవారు. ఆ తప్పులు దిద్దబోయే కదా, ఏళ్లుగా లోపల దాచుకున్న ఊరినంతా బయటపెట్టారు. కాలం దేన్నీ ఉన్నదున్నట్టు దాచిపెట్టదని ఈ వయసుకి నాకు తెలుసు. అడిగే పిల్లలున్నన్నాళ్లు దేన్నీ పూర్తిగా పోనివ్వదని కూడా తెలుసు.