గిరిజమ్మ ములిగికి పడిన తాళం

జహీరాబాద్ పాత బస్టాండు వెనక సందులో గిరిజమ్మ ములిగి తెలియని లారీ డ్రైవరు లేడు. బొంబాయి రోడ్డున పోయేవాళ్లు బండి పక్కకు పెట్టి మరీ ఆమె జొన్నరొట్టె, పుండికూర తినిపోతారు. భర్త నాగప్పతో బీదర్ వైపు నుంచి వచ్చిన కొత్తలో కిరాయికి తీసుకున్న చిన్న కొట్టుగది ఆ ములిగి. నాగప్ప పోయాక ఆ పొయ్యి మీదే కూతురు అక్షతను నర్సు చదివించింది.

ములిగి ఓనరు ముసలాయన కాలం చేశాక పెత్తనం కొడుకు విష్ణువర్ధన్‌కు వచ్చింది. వస్తూనే కిరాయి మూడింతలు చెయ్యమన్నాడు.

"గంత అంటే నేనెట్ల బతకాలె బాబూ? జర ఇన్సాఫ్‌తోని చెప్పు, పెంచి ఇస్త" అంది గిరిజమ్మ.

"ఇయ్యకుంటే ఖాళీ చెయ్యి. బట్టల షాపోళ్లు అడుగుతున్నరు."

ఆనాటి నుంచి ఆమె కిరాయి ఇవ్వబోయినా అతను తీసుకోలేదు. ఒకరోజు గిరిజమ్మ కోహీర్‌లో చుట్టాల పెళ్లికి పోయి వచ్చేసరికి షట్టరుకు కొత్త తాళం వేసి ఉంది; పెనం, గిన్నెలు మురికినీళ్ల మోరీ పక్కన పడి ఉన్నాయి. నలుగురూ చూస్తుంటే సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. పక్క ములిగి దర్జీ చెన్నబసప్ప మెల్లగా అన్నాడు: "పైసలోళ్లతోని మనకెందుకక్కా, వేరే జాగ చూసుకో."

ఆ మాటతో సిగ్గు పోయి కోపం వచ్చింది. "నేనేం తప్పు చేసిన్నని పోవాలె?" అంటూ పెనం కడిగి చంకన పెట్టుకుంది.

అక్షత ఆమెను వకీలు మహేశ్వరి దగ్గరికి తీసుకుపోయింది. "కోర్టు ఆర్డరు లేకుండ కిరాయిదారును వెళ్లగొట్టే హక్కు ఏ ఓనరుకూ లేదమ్మా. కిరాయి ఎంత న్యాయమో కూడా కోర్టే తేలుస్తది. ఆయన తీసుకోకుంటే మనియార్డరు పంపుదాం" అంది వకీలు.

"గసుంటి కానూను ఉన్నదా బిడ్డా? ఇన్నేండ్లల్ల ఒక్కలు చెప్పలే."

కేసు నడిచినన్ని రోజులు గిరిజమ్మ ఊరకే కూర్చోలేదు. తాళం వేసిన షట్టరు ముందే తోపుడు బండి మీద పొయ్యి పెట్టింది. గిరాకీ తగ్గకపోగా పెరిగింది.

కోర్టులో జడ్జి విష్ణువర్ధన్‌ను ఒక్కటే అడిగాడు: "ఎవరి ఆర్డరుతో తాళం వేశారు?" అతను తన వకీలు ముఖం చూశాడు. ఆ వకీలు కాగితాలు తిప్పాడు. తాళం వెంటనే తీయాలని, కిరాయి సంగతి తేలేదాకా ఆమెను కదిలించకూడదని ఆర్డరు వచ్చింది.

ఆర్డరు అమలు చేయించడానికి వచ్చిన కోర్టు అమీను ముందు నిలబడి విష్ణువర్ధన్ తన చేత్తోనే తాళం తీశాడు. షట్టరు పైకి లేవగానే సందంతా చప్పట్లు కొట్టింది. గిరిజమ్మ కొంగు బిగించి దుమ్ము ఊడ్చి పొయ్యి వెలిగించింది. అప్పుడొచ్చాయి కండ్లనీళ్లు. తర్వాత కోర్టు కొద్దిగా పెంచిన కిరాయిని ఆమె సంతోషంగానే కడుతోంది.

మొన్న చెన్నబసప్పకూ ఓనరు నుంచి ములిగి ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. బిక్కముఖంతో వచ్చి నిలబడ్డాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ" అని గిరిజమ్మ పిండి చేతులు కడుక్కుంది. "నడువు, వకీలు మహేశ్వరమ్మ దగ్గరికి నేనే తోల్కపోత."