మంచులో నేను చదివిన బోర్డు

క్రిస్మస్‌కు ముందు శనివారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. టైము పాస్టరమ్మ చేతి గడియారంలోది. (అంకెలు నాకు వచ్చు. చేపలమ్మే మనిషికి అంకెలు రాకపోతే పూట గడవదు.) ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు, పెళ్లయి ఎనిమిది నెలలు. మాది అల్లూరు దిగువన సముద్రం ఒడ్డు. చలికాలమంటే మాకు కాస్త మెత్తబడిన ఎండ, అంతే. స్వెట్టరును నెల్లూరు అంగళ్లలో వేలాడుతుండగా చూడడమే. అలాంటి నలుగురు ఆడవాళ్లం కొండ ప్రార్థనకని బయలుదేరి, ముందురోజే వెలిగొండల కింద పాస్టరమ్మ పుట్టింట్లో దిగి, తెల్లవారాక నూలు చీరల్లో కొండ మొదటికి చేరాం. పాస్టరమ్మ, మా అత్త, రొయ్యలు ఎండబెట్టి అమ్మే రొయ్యలక్క, నేను.

ఒక సంగతి ముందే చెప్పేయాలి. నాకు అప్పటికి చదువు రాదు. పెళ్లిచూపుల్లో మా నాయన అయిదో తరగతి అని ఒక మాట విసిరాడు. మా అత్త దాన్ని పట్టుకుని వీధంతా ‘మా కోడలు చదువుకున్న బిడ్డ’ అని చెప్పుకుంది. చర్చిలో నేను పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని. పాటలన్నీ నోటికి వచ్చు. పక్కన కూర్చునే రొయ్యలక్క పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు. బయటపడితే మా అత్త వీధిలో తలెత్తుకోలేదు, నన్ను మళ్లీ బిడ్డా అని పిలవదు. ఆ భయంతోనే రోజూ నిద్ర లేచేదాన్ని.

కొండ మొదట్లో పచ్చ బోర్డు, దాని నిండా తెల్ల అక్షరాలు. పాస్టరమ్మ కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. “చదువమ్మా, ఏం రాసుందో,” అంది నాతో. మా అత్త గర్వంగా పక్కకు జరిగి చోటిచ్చింది. నేను ముఖం బోర్డుకేసి పెట్టి, కళ్లు మాత్రం దానిపైన ఆకాశం మీద పెట్టాను. నీలంగా, తుడిచినట్టుంది. మా ఇంటాయన వేటకు పోయే ముందు గాలి చూసి చెప్పేది నేనే, ఆ పొగరొకటి.

“వాతావరణం బాగుండాది, చల్లగా ఉండంగానే ఎక్కండి అని రాసినారు.”

“ఇంత బోర్డుకి అంతేనా?” అంది రొయ్యలక్క.

“మిగతాది చెట్లు నరకొద్దని,” అన్నాను.

ముప్పావు కొండ ఎక్కేసరికి మబ్బు వచ్చింది. మా ఒడ్డున మబ్బు పైనుంచి వస్తుంది. ఇది కింద లోయలోంచి, గంజి పొంగినట్టు నిదానంగా లేచింది. ముందు మా అత్త కాళ్లు పోయాయి, తర్వాత నడుము, చివరికి కొప్పు ఒక్కటే కాసేపు తేలి అదీ పోయింది. వాన లేదు, కానీ ఆకుల నుంచి నీళ్లు రాలుతున్నాయి. చీర తడిసి ఒంటికి అతుక్కుంది, పళ్లు వాటంతట అవే కొట్టుకున్నాయి. అయినా నిజం చెబుతున్నా, నాకు హాయిగానే ఉంది. ఆడదాన్నని నన్ను ఎవరూ పడవ ఎక్కనివ్వలేదు. నడిసముద్రం ఇలాగే ఉంటుందేమో అనుకుంటూ చేతులు చాపి నిలబడ్డాను. ఆ తెలుపులో నా వేళ్లు ఎవరివో అనిపించాయి.

“దారి యాడమే?” అంది అత్త. దానికీ నా దగ్గర జవాబుంది. మా ఒడ్డున పొద్దునపూట గాలి నేల మీంచి సముద్రానికి పోతుంది. అది వీపుకు తగిలేలా నడిస్తే తూర్పు. మేం ఎక్కి వచ్చింది తూర్పు నుంచే. “గాలి ఎంబడి రాండి,” అని ముందు నడిచాను. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వచ్చారు. కాసేపటికి గాలి ఎదురైంది; తిరిగాను. పక్కనుంచి కొట్టింది, మళ్లీ తిరిగాను. అంతలో మా అత్త కాలు జారి, చెప్పు ఊడి కిందికి పోయింది. అది ఎక్కడో తగిలిన చప్పుడు కోసం నలుగురం చాలాసేపు నిలబడ్డాం. వినపడలేదు.

“ఆడనే కూర్చోండమ్మా, అడుగు తీయబాకండి,” అంది మంచులోంచి ఒక మగ గొంతు. మా మాటలు విని వచ్చిన ఫారెస్టు వాచరు. కూలబడ్డాం. “చలికాలం కొండగాలిని నమ్మగూడదు, లోయ లోయకీ మారతాది. పది దాకా మంచు విడవదు, ఆ తర్వాతే ఎక్కండి, దుప్పటి తెచ్చుకోండి, చిక్కుకుంటే కదలబాకండి అని కింద బోర్డులో రాసుండాదే. చదవలేదా?”

“చదివినాం నాయనా,” అంది మా అత్త. “మా కోడలే చదివింది. చదువుకున్న బిడ్డ.”

ముఖాలు కనపడవు. కనపడి ఉంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

“అత్తా, నాకు చదువు రాదు,” అన్నాను.

పక్కనుంచి రొయ్యలక్క గొంతు: “మరి చర్చిలో పేజీలు ఎట్ట తిప్పతా ఉండావుమే?”

“నిన్ను చూసి అక్కా.”

“నేను నిన్ను చూసి గదా తిప్పేది.”

పాస్టరమ్మకు నవ్వు ఆగక దగ్గు వచ్చింది. “అందుకేనా, మీ ఇద్దరి పుస్తకాలూ ఎప్పుడూ వేరే పాట దగ్గరుంటాయి. భక్తి ఎక్కువై చూసుకోవడం లేదనుకున్నా.”

మా అత్త మాత్రం నవ్వలేదు. పది దాటాక మంచు పలచబడింది. పది అడుగుల ముందు నేల లేదు. మా అత్త ఆ లోయను చూసింది, నన్ను చూసింది, నా చెయ్యి పట్టుకుంది. కింద ఊరు చేరేదాకా వదల్లేదు.

వీధిలో ఎవరికీ చెప్పలేదు. కన్నుమూసేదాకా ‘మా కోడలు చదువుకున్న బిడ్డ’ అనే చెప్పింది. నాకంటే గట్టిగా అబద్ధమాడగలదని అప్పుడు తెలిసింది. నేను అక్షరాలు నేర్చి ఆ మాట నిజమయ్యేసరికి నాకు యాభై రెండేళ్లు, ఆమె లేదు. ఇప్పుడు పొద్దున్నే పేపరు పైకే చదువుతాను, వడ్ల ధర నుంచి చావు వార్తల దాకా. మనవరాలు చెవుల్లో వైర్లు పెట్టుకుంటుంది. పెట్టుకోనీ. వినాల్సిన మనిషి అది కాదు. ఆ రోజు కొండ మీద ఉన్నవాళ్లం మేం: పాస్టరమ్మ, రొయ్యలక్క, పేరు అడగడం మరిచిపోయిన వాచరు, నేను, నా చెయ్యి పట్టుకుని మా అత్త.