ఎర్ర మూత సీసా

గచ్చిబౌలిలో ఒక కంపెనీకి ఉద్యోగుల బస్సులు నడిపేవాళ్ళు పొద్దున్నే చేయాల్సిన మొదటి పని మిషన్‌లో ఊదడం. తాగి బండెక్కారో లేదో ఆ చేతి మిషన్ చెప్పేస్తుంది. మిగతా డ్రైవర్లు మొహం చిట్లించుకుని ఊదేవాళ్ళు. దానియేలు మాత్రం ఛాతీ నిండా గాలి పీల్చి, బుగ్గలు పొంగించి ఊది, సున్నా రాగానే పక్కవాడికి కూడా చూపించి మరీ వెళ్ళేవాడు. మూడేళ్ళ క్రితం దాకా తాగుబోతని పేరు మోసిన మనిషికి ఆ సున్నా ఎంత అపురూపమో తాగనివాళ్ళకేం తెలుస్తుంది!

ఆ గురువారం మిషన్ కుయ్యిమంది.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ మధు ముందు నవ్వాడు. తర్వాత అంకె చూసి నవ్వడం మానేశాడు.

"ఏందన్నా ఇది?"

"మిషన్ ఖరాబైనట్టుంది. ఇంకోటి తీ."

ఇంకోటి తెచ్చారు. అదీ కుయ్యిమంది. వెనక నిలబడ్డ డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయిపాయె, సాక్ష్యాల సారు మల్ల మొదలువెట్టిండు," అన్నాడొకడు. ఎవరన్నాడో తెలిసినా దానియేలు వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం కాలిపోయాయి.

పదిహేను నిమిషాలు ఆగి, నోరు పుక్కిలించి మళ్ళీ ఊదాలని అక్కడి నియమం. అప్పుడూ అంకె వస్తే బస్సు తాళాలు అక్కడే ఇచ్చేయాలి, ఇంకో కంపెనీ గేటు కూడా దాటనివ్వరు. "గీడ కూసో అన్నా, ఫికర్ చేయకు," అని మధు బెంచీ చూపించాడు. తాగని మనిషి తాగినవాడిలా నలుగురి ముందు తల దించుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో దానియేలుకు అప్పుడు తెలిసింది. తాగిన రోజుల్లో కూడా అతను అంత సిగ్గుపడలేదు.

రెండోసారి సున్నా వచ్చింది. మధు భుజం తట్టాడు. "నోట్ల ఉన్నదే గని వొంట్ల లేదు. పొద్దుగాల ఏం తిన్నవన్నా?"

"బ్రెడ్డు. జాము. ఇప్పుడే, బస్సుల కూసోని, కొత్త సీసా తీసి తిన్న. మా ఇంటామె చేసింది."

"జాముల ఏమేస్తదన్నా వదినె?" అని మధు సరదాకే అడిగాడు. దానియేలు నవ్వబోయాడు గానీ, నవ్వు సగంలోనే ఆగిపోయింది.

దానియేలుది మెదక్ వైపు. భార్య స్టెల్లాది గుంటూరు. ఆమె గచ్చిబౌలిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. వాళ్ళమ్మ ఒకప్పుడు మిషనరీ ఆసుపత్రి వంటింట్లో పనిచేసింది. అక్కడి విదేశీ డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్న ద్రాక్ష జామే కూతురికి ఆస్తిగా ఇచ్చింది. ఏటా మాఘం వెళ్ళేసరికి నల్ల ద్రాక్ష చవకవుతుంది కదా, అప్పుడు ప్రగతి నగర్‌లో వాళ్ళ రెండు గదుల ఇల్లంతా ఆ వాసనే. స్టెల్లా పండును వేళ్ళతో నొక్కి తొక్క ఒక గిన్నెలోకి, గుజ్జు ఒక గిన్నెలోకి తీస్తుంది. గుజ్జు ఉడికించి, గింజలు పోయేలా పలచటి గుడ్డలో వడకట్టి, తొక్కలు మళ్ళీ కలిపి, పంచదార, నిమ్మరసం, లవంగం, దాల్చినచెక్క వేసి దగ్గరపడేదాకా కలుపుతూనే ఉంటుంది. చుట్టాలకూ చర్చి సంఘంలో వాళ్ళకూ తెల్ల మూతల సీసాలు. దానియేలుకు మాత్రం ఎర్ర మూత సీసాలు.

"ఇవి మీవి. వీటిని ఎవ్వరూ ముట్టుకోకూడదు," అనేది స్టెల్లా. దానియేలు ఆ మాట బస్టాపులో కూడా చెప్పుకుని మురిసేవాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా మొగుడికి వేరుగా సీసా దాచే భార్య ఎంతమందికి ఉంటుందని అతని గొప్ప.

అతను తాగుడు మానిన కథ ప్రగతి నగర్ నుంచి నిజాంపేట దాకా సంఘాల్లో అందరికీ తెలుసు. తాగి, పాత ఉద్యోగం పోగొట్టుకుని, ఒక ఆదివారం చర్చి మెట్ల మీదే పడిపోయాడు. మర్నాడు లేచి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. స్టెల్లా ఆసుపత్రికి పోదామంటే వినలేదు. "దవాఖాన వద్దు, మందులొద్దు. దేవుడున్నడు, నేనున్న," అన్నాడు. నెల రోజులు వణికాడు, చెమటలు కక్కాడు, చివరికి గట్టెక్కాడు. అప్పటినుంచి ఏటా అదే తారీకుకు సంఘంలో మైకు ముందు నిలబడి, తను ఎలా మారాడో సాక్ష్యం చెబుతాడు. "మందు బిళ్ళ లేదు, సూది లేదు, ఒక్క చుక్క నా నాలుక మీద పడలే," అన్న దగ్గర హాలంతా స్తోత్రం అని కేక వేసేది. ఆ ఆదివారంతో మూడేళ్ళు నిండుతున్నాయి. తాగుడుతో అల్లాడే కుటుంబాల్ని కూడా పిలిచామని, ఈసారి కొంచెం ఎక్కువసేపు మాట్లాడమని పాస్టరు ఇమ్మాన్యుయేల్ అయ్యగారు ముందే చెప్పారు.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన దానియేలు బల్ల మీద రెండు సీసాలు పెట్టుకున్నాడు, తెల్ల మూతది ఒకటి, ఎర్ర మూతది ఒకటి. తెల్లదాంట్లో చెంచా ముంచి నాకాడు. ద్రాక్ష, లవంగం, తీపి. నీళ్ళు తాగి, ఎర్ర మూత తీశాడు. పైన పల్చగా తడి నిలిచి ఉంది. చెంచాతో ఆ తడినే తీసి నాలుక మీద వేసుకున్నాడు. గొంతులోంచి గుండెదాకా పాత చుట్టం ఒకడు తలుపు తోసుకుని వచ్చి కూర్చున్నట్టయింది. పరుగున వెళ్ళి ఉమ్మేశాడు. సింకు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

రెండున్నరకు స్టెల్లా వచ్చింది. బల్ల మీద సీసాలు, చెంచాలు చూసి చెప్పులు విప్పకుండానే ఆగిపోయింది.

"గిండ్ల ఏం కలిపినవ్?"

ఆమె అబద్ధం ఆడితే ఆడగలిగేదే. ఆడలేదు. ఆ ఒక్క సంగతి ఆమె పక్షాన చెప్పుకోవాలి.

"రమ్ము అండి."

"ఎప్పటి సంది?"

"మొదటి రోజు నుంచీ."

దానియేలు కుర్చీలో కూలబడ్డాడు. స్టెల్లా గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పింది. రమ్ము వార్డులో ఆయాగా పనిచేసే నర్సమ్మ అనే ఆమె చేత తెప్పించేది. ఇంట్లో దాన్ని దగ్గుమందు సీసాలో పోసి తన మందుల పెట్టెలో పెట్టేది. తాగిన రోజుల్లో దానియేలు దాచిన సీసాలన్నీ వెతికి పట్టుకున్న మనిషికి, అతను ఎక్కడ వెతకడో తెలియకుండా ఉంటుందా! ఆ మొదటి నెల జాము వేడినీళ్ళలో కలిపి రోజుకు మూడుసార్లు బలానికని తాగించింది చూశారూ, దాంట్లో జాము పేరుకే. వారం వారం కొలిచి తగ్గించింది. డాక్టరమ్మ పద్ధతిలో జాము పొయ్యి మీంచి దించి, ఆవిరి తగ్గాక గిన్నెలోనే రమ్ము పోసి బాగా కలపాలి. ఈసారి రెండు షిఫ్టులు వరసగా పడి, ఒళ్ళు తెలియని అలసటలో సీసాలు నింపాక గుర్తొచ్చింది. ఎర్ర మూతవాటిలో పైనుంచే ఒక్కో చెంచా పోసి బిగించేసింది.

"మా వార్డులో ఒక్కసారిగా మానేసి ఫిట్స్ వచ్చి పోయినవాళ్ళని నా చేతుల్తో సర్దానండి. మీరేమో ఆస్పత్రికి రానంటే రానన్నారు. మీరలా వణుకుతుంటే నన్ను పాటలు పాడుతూ కూర్చోమంటారా?"

"నెలకు తగ్గె గద. తర్వాత ఎందుకు బంద్ చేయలే? మూడేండ్లు స్టెల్లా!"

"సీసాకి ఒక చెంచా దాకా తెచ్చాను. ఆ ఒక్క చెంచా తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. తీసేస్తే మళ్ళీ బయట వెతుక్కుంటారేమోనని భయం."

"అంటే నా మీద నీకు నమ్మకం లే."

ఆమె చేతి సంచి గుమ్మం పక్కన దించింది.

"నేను మైకు వట్టుకోని ఒక్క చుక్క అన్నప్పుడల్లా నువ్వు ముందట్నే కూసుంటివి గద. ఏడుస్తుంటివి. సంతోషంతోని ఏడుస్తున్నవ్ అనుకున్న."

"సంతోషం కూడా ఉందండి."

"నన్ను పిచ్చోన్ని చేసినవ్. ఊరందరి ముందట అబద్ధం ఆడిపిచ్చినవ్. నా నోటితోనే."

స్టెల్లా అప్పుడు చెప్పులు విప్పి లోపలికొచ్చింది. ఎర్ర మూత సీసా తీసి మూత పెడుతూ, అతని వైపు చూడకుండా ఒక మాట అంది.

"మీ పక్కనుంచి మనిషి వెళ్తే ఏ సరుకు తాగాడో చెప్పేవారు. మూడేళ్ళు తిన్నారు. నిజంగానే మీకు తెలియలేదా?"

"తెల్వదు!" అని అరిచాడు దానియేలు. వెనక పోర్షన్ వాళ్ళ కిటికీ తెరుచుకుంది.

తెలియదు. ఆ మాట మీదే ఉన్నాడతను. కానీ తర్వాత రెండు రోజులు బస్సు నడుపుతున్నా, సిగ్నల్ దగ్గర ఆగినా అదే ప్రశ్న. సెలవుల్లో మెదక్‌లో అన్న ఇంటికి పోతుంటే, బట్టలకంటే ముందు ఆ సీసానే ఎందుకు సర్దుకునేవాడు? పొద్దున రెండు ముక్కలు తినకపోతే రోజంతా చిరాకుగా ఎందుకుండేది? గొంతులో ఆ వేడి లవంగం మంటే అనుకున్నాడు. అనుకున్నాడో, అనుకోవాలనే అనుకున్నాడో. ఆ ప్రశ్న తన నెత్తిన పెట్టినందుకు భార్య మీద కోపం రెట్టింపయింది. టీ తనే పెట్టుకున్నాడు, అన్నం బయట తిన్నాడు. రమ్ము పోసినందుకు ఆమెను క్షమించగలడు. బతికించింది కదా. కానీ ఏడాదికేడాది తనను మైకు ముందుకు పోనిచ్చి, కింద కూర్చుని విన్నది చూడండి, అది మింగుడుపడటం లేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. కొత్తగా వచ్చిన కుటుంబాలు గోడల వెంట ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకున్నాయి. స్టెల్లా ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది. ఇమ్మాన్యుయేల్ అయ్యగారు పరిచయం చేసి, "రండి దానియేలు గారూ," అని మైకు చాచారు.

దానియేలు లేచాడు గానీ ముందుకు వెళ్ళలేదు. ఉన్నచోటి నుంచే గట్టిగా అన్నాడు.

"అయ్యగారూ, నా సాక్ష్యం నా కాడ లేదు. మూడేండ్ల సంది అది మా ఇంటామె కాడనే ఉన్నది. ఆమెనే అడుగుండ్రి."

కూర్చున్నాడు. హాలంతా ఆడవాళ్ళ వైపు తిరిగింది. కసి తీరిందనుకున్నాడు. రమ్ము అన్న మాట ఆ హాల్లో వినపడితే ఏమవుతుందో అతనికి తెలుసు. నాలుగు మాటలు ఆమె కూడా పడాలి, నలుగురి ముందు ఆమె కూడా తల దించుకోవాలి.

స్టెల్లా లేచి మైకు తీసుకుంది. ఏదీ దాచలేదు. వణుకు, ఫిట్స్ భయం, ఆయా తెచ్చిన సీసా, చెంచా లెక్క, ఎర్ర మూత, అన్నీ చెప్పింది. "ఆయనకి చెప్పకపోవడం నా తప్పు. దేవుడి ముందు ఒప్పుకుంటున్నాను," అని ఆపింది.

తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకామె, తాగుబోతు భార్యే అయ్యుంటుంది, వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరో స్తోత్రం అన్నారు. దానియేలు పేరు మీద మూడేళ్ళలో ఎన్నడూ రానంత గట్టిగా హాలంతా స్తోత్రం అంది. "భర్త ప్రాణం కోసం ఈ సహోదరి ఎంత భారం ఒంటరిగా మోసిందో చూడండి," అన్నారు అయ్యగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. ఆడవాళ్ళు లేచి వెళ్ళి స్టెల్లాను కౌగలించుకున్నారు. పక్కనున్న పెద్దాయన దానియేలు మోకాలు తట్టి, "అదృష్టవంతుడివయ్యా," అన్నాడు.

అతన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మోసపోయింది ఇతను కదా అని ఒక్కరికీ తోచలేదు. అతను కష్టపడి గెలిచాననుకున్న మూడేళ్ళు ఆ పది నిమిషాల్లో ఆమెవైపోయాయి. వాటిని చేతికిచ్చి సాగనంపింది అతనే.

పాట మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు, దానియేలూ నిలబడ్డాడు. అప్పుడు వచ్చింది దాహం. మూడేళ్ళుగా అతను సాక్ష్యాల్లో వర్ణించిన దాహం లాంటిది కాదు. నాలుక పిడచగట్టి, అరచేతులు తడిసిపోయి, ఒంట్లో ఒక్కో నరం బయటికి నడవమంది. గోడ గడియారం పదీ అయిదు చూపిస్తోంది. వీధి చివర వైన్స్ షట్టర్ పదింటికి లేస్తుంది. ఇప్పుడు వెళ్ళినా తప్పు పట్టేవాళ్ళు లేరు, అతని వైపు చూస్తున్నవాళ్ళే లేరు.

ముందున్న ఖాళీ కుర్చీని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పాటకు అయిదు చరణాలు. రెండో చరణంలో ఒక అడుగు పక్కకు వేశాడు, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. నాలుగో చరణంలో చొక్కా వీపుకు అంటుకుపోయింది. అయిదోది అయి, ఆమేన్ అని అందరూ కూర్చున్నాక కూడా అతను కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు, ఆరాధన ముగిసేదాకా లేవలేదు.

ఆ గంట అతను ఎవరి చెంచా సాయమూ లేకుండా ఆపుకున్నాడు. బయటికొచ్చాక మెట్ల దగ్గర స్టెల్లా ఎదురుచూస్తూ కనిపించింది. "ఏవండీ, మొహం అలా ఉందేం? ఒంట్లో బాగాలేదా?" అని నుదుటి మీద చెయ్యి వేయబోయింది.

"ఏం లేదు," అన్నాడు దానియేలు. జరిగింది ఆమెకు చెప్పాలనిపించలేదు. ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.