బావ పోసిన పాయ

రాళ్లున్నాయని గాల్‌బ్లాడర్ తీసేశాక నా కడుపు పని తీరే మారిపోయింది. ట్యాంకు పీకేసి పైపు మాత్రం ఉంచినట్టు, పైత్యరసం నిలవ ఉండే చోటు లేక పేగులోకి ఊరికే కారుతుంటుంది. కొవ్వు తింటే అరగంటలో పరుగు. అందుకే మూడు నియమాలు పెట్టుకున్నాను: కొంచెం కొంచెంగా తినాలి, నూనె తగ్గించాలి, కొత్త వంటకమైతే ఇంట్లో ఉన్నప్పుడే రుచి చూడాలి. కామారెడ్డిలో మా ఇంట్లో ఉన్నంతకాలం ఇబ్బంది రాలేదు.

మా వైపు ఆపరేషనైన వాడికి మేకకాళ్ల పాయ తాగించకపోతే చుట్టాలకు నిద్ర పట్టదు. ఎల్లారెడ్డిలో ఉండే అక్కావాళ్లు నన్ను దావత్‌కు పిలిచారు. బావ గిన్నె నిండా పోసి, పైన తేలిన కొవ్వును కూడా గరిటెతో నాకే వేశాడు.

"వద్దు బావా, డాక్టర్ తినొద్దన్నడు."

"డాక్టర్‌కేం ఎరుక? తిత్తి తీసిండ్రు గని పేగులున్నయి గదరా! తాగు, బలమొస్తది."

పదిమందిలో కాదనలేక తాగాను. తిరుగు ప్రయాణంలో లింగంపేట దాటగానే డ్రైవర్‌ను బతిమాలి బస్సు దిగాను. పొదల చాటుకు చేరేలోపే ప్యాంటు పాడైంది. బస్సంతా కిటికీల్లోంచి చూసింది.

అది నేను మరిచిపోయేవాణ్ణే. కానీ అదే బస్సులో వచ్చిన వాళ్లెవరో చెప్పగా విన్న బావ మరవనివ్వలేదు. ప్రతి పెళ్లిలోనూ, "మా బామ్మర్దికి సీటు బస్సుల కాదు, పొదల రిజర్వు చేయాలె" అని అందరినీ నవ్వించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, సమయం కోసం చూస్తూ.

మొన్న అక్క కొడుకు పుట్టినరోజుకు మళ్లీ పాయ వండారు. కొత్తగా కొన్న కారులో నన్ను తానే దింపుతానన్నాడు బావ. లోపల లేత రంగు సీట్లు. నేను అడిగి మరీ రెండు గిన్నెలు తాగాను.

ఊరు దాటాక కడుపు గుడగుడమంది.

"బావా, వస్తున్నది."

బ్రేకు వేశాడు. "దిగు, జల్ది దిగు!"

నేను బెల్టు కూడా విప్పలేదు. "అక్కకు ఫోన్ చెయ్యి. స్పీకర్ల పెట్టు. వద్దన్నా నేనే తాగించిన అని, ఇగ ఆ పొదల ముచ్చట ఎత్తనని చెప్పు."

"అరే, ముందు దిగురా! సీట్లు ఖరాబైతయి!"

"నీ ఇష్టం. నాది ఆగేటిది కాదు."

బావ ఫోన్ కలిపి, అంతా ఒప్పుకున్నాడు. అక్క విని, "నాకెందుకు చెప్తవ్? వాణ్ణి అడుగు మాఫీ" అంది.

"తప్పైందిరా" అని గొణిగాడు.

నాకు చెమటలు పడుతున్నాయి, కడుపు మెలిపెడుతోంది. అయినా కదల్లేదు.

"వినపడలే బావా" అన్నాను.