మంగయ్య లేచిండా?

కంప్యూటర్లను మనుషుల పేర్లతో పిలిచే మెకానిక్‌ని మీరెక్కడైనా చూశారా? కోదాడ బస్టాండు వెనక సందులో, నా జిరాక్స్ షాపు పక్కనే ఉన్నాడు. పేరు మంగయ్య. మా రెండు షాపులకూ మధ్య ఒక్కటే గోడ, అదీ సగం రేకు. అతను తుమ్మినా నాకు వినిపిస్తుంది. పదమూడేళ్లుగా వింటున్నాను.

వాళ్లది అనంతగిరి. గొర్రెలు కాచే ఇల్లు. వాళ్ల నాయన ఊళ్లో పదిమంది జీవాలను కలిపి మేపేవాడట. ఏ గొర్రె ఎవరిదైతే దాన్ని ఆ మనిషి పేరుతోనే పిలిచేవాడు. "సోమ్లా కుంటుతున్నడు, మేత ముడతలేడు" అంటే అది గొర్రె సంగతన్నమాట. మంగయ్య మందను వదిలి స్క్రూడ్రైవర్ పట్టాడు గానీ ఆ మాటతీరు మాత్రం వదల్లేదు. రిపేరుకొచ్చిన ప్రతి కంప్యూటర్ డబ్బా మీదా తెల్ల కాగితం ముక్క అంటించి యజమాని పేరు రాస్తాడు. ఇక రోజంతా గోడవతల నుంచి ఇవే మాటలు: "ఉమ లేచింది", "పాండు కడుపు నిండ దుమ్మే ఉంది". నేను నవ్వలేక చచ్చేదాన్ని.

ఆ నవ్వు పోయిన ఎండాకాలంలో ఆగిపోయింది.

మునగాలలో ఎరువుల దుకాణం నడిపే లింగన్న తన కంప్యూటర్ తెచ్చి ఇచ్చి వెళ్లాడు. మధ్యాహ్నం గోడవతల నుంచి మంగయ్య అరిచాడు.

"లింగన్న డెడ్ అక్కా. ఇగ లేవడు."

"అయ్యో పాపం, పూలదండ తెమ్మంటవా?" అన్నాను.

సాయంత్రం ఐదింటికి ఫోనొచ్చింది. లింగన్నకు గుండెపోటు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. దండ తెమ్మంటావా అన్న నా నోటిని నేనే తిట్టుకున్నాను. మూడు రోజులు అన్నం సహించలేదు.

సరే, గుండె జబ్బు మనిషి అనుకున్నాం. నెల తిరక్కుండానే నేరేడుచర్ల నుంచి ఫొటో స్టూడియో శ్రీహరి డబ్బా వచ్చింది. "శ్రీహరి డెడ్" అన్నాడు మంగయ్య, అలవాటు కొద్దీ. అన్న వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట. మర్నాడు శ్రీహరి బండి లారీ కింద పడింది, మనిషి దక్కలేదు.

ఆ తర్వాత మంగయ్య ఆ మాట అనడమే మానేశాడు. బాగుపడనివాటిని వెనక అరలో పెట్టేవాడు. ఎవరైనా ఫోన్ చేస్తే "సూస్తున్న అన్నా, జర ఇంకో వారం ఆగు" అనేవాడు. అర నిండిపోయింది. బతికినట్టూ కాదు, పోయినట్టూ కాదు, పేర్లన్నీ అలా వరసగా నిలబడి ఉండేవి. అటు వెళ్లినప్పుడల్లా ఆ పేర్ల వైపు చూడకుండా నడిచేదాన్ని. "ఓరి నీ పిచ్చి! ఏదో అట్లా కలిసొచ్చిందయ్యా" అని పైకి మాత్రం కసిరేదాన్ని. కసరడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

శ్రావణంలో ఒక ఉదయం నా కంప్యూటరే లేవలేదు. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఎత్తుకెళ్లి అతని బల్ల మీద పెట్టాను. మంగయ్య బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"నీది నేను ముట్ట అక్కా. మిర్యాలగూడ తీస్కపో. గాడ నాకు తెలిసినోళ్లున్నరు."

"పక్కన నువ్వుండగా నేను మిర్యాలగూడ పోవాల్నా? మూసుకుని చెయ్యి."

కాగితం ముక్క మీద నా పేరు రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. నాకు ఒళ్లు మండింది. పెన్ను లాక్కుని 'నాగరాణి' అని పెద్దక్షరాలతో నేనే రాసి అంటించాను.

ఆ రోజంతా అతను టీ కూడా తాగలేదు. ముందు తెర వైరు మార్చాడు. తర్వాత తెరనే మార్చాడు. ర్యామ్ అనే మెమరీ పట్టీ పీకి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పక్క గాడిలో పెట్టాడు. బిళ్ల బ్యాటరీ కొత్తది వేశాడు. కరెంటు డబ్బా మార్చాడు. ప్రతిసారీ బటన్ నొక్కడం, ఆ నల్ల తెరలో ఇద్దరం మా మొహాలే చూసుకోవడం. సాయంత్రానికి అందులో నా మొహం ఎవరిదోలా కనిపించసాగింది.

చివరికి ర్యామ్ పూర్తిగా తీసేశాడు.

"ఇది లేకుంట బటన్ నొక్కితే బోర్డు అరవాలె అక్కా. ప్రాణముంటే పీక్ పీక్ మంటది. అరవకుంటే..." అని ఆగిపోయాడు.

బటన్ నొక్కి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మీద వంగినట్టు వంగి, డబ్బాకు చెవి ఆనించాడు. ఫ్యాన్ రొద తప్ప ఏమీ లేదు. ఇంకో రెండుసార్లు నొక్కాడు. అరవలేదు.

"డెడ్ అని చెప్పు. చెప్పి ఖతం చెయ్యి. నాకేం గాదు" అన్నాను. అబద్ధమెందుకు, భయమేసింది. ఇంటి దగ్గర మా కూతురు శిరీషకు ఏడో నెల. దాని కాన్పు చూడకుండా పోతానా అనిపించింది.

మంగయ్య ర్యామ్ మళ్లీ గాడిలో పెట్టాడు. సొరుగులోంచి కొత్త కాగితం ముక్క తీసి, ఏదో రాసి, నా పేరు పూర్తిగా కప్పేలా దానిమీద అంటించాడు. చూస్తే 'మంగయ్య' అని ఉంది.

"మంగయ్య డెడ్" అన్నాడు. "ఇగ లేవడు."

నేను తేరుకునేలోపే నన్ను బయటికి పంపి షటర్ దించాడు. తాళం వేసి, ఊరి బస్సెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు తొమ్మిదికి గోడకు చెవి పెట్టి కూర్చున్నాను. పదమూడేళ్లలో ఆ షటర్ తొమ్మిది దాటాక లేచింది లేదు. తొమ్మిదిన్నరయింది. ఫోన్ చేశాను. గోడవతల, మూసిన షాపులో మోగింది. పదయింది. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లను "మిషన్ పనిచేయట్లేదు, పోండి" అని తరిమేశాను. మెట్టు మీద కూలబడి ఏడ్చాను. నా మొండితనమే ఆ మనిషిని మింగేసిందనుకున్నాను.

పదీ ఇరవైకి సందు మలుపులో కనిపించాడు.

"బస్సు పంచరైంది అక్కా."

కొట్టినంత పని చేశాను. "సచ్చినోడా! నీ పేరెందుకు రాసినవ్ రా?"

"నీకు మనవడొస్తున్నడు గదా అక్కా" అన్నాడు తలొంచుకుని. "నాకెవరున్నరు?"

కొంగుతో మొహం తుడుచుకున్నాను.

షటర్ ఎత్తాడు. లోపల చీకట్లో నీలం వెలుగు. తెర మీద నా ఫైళ్లన్నీ వరసగా ఉన్నాయి. రాత్రి స్విచ్ ఆపడం మరిచాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే మొదలైందట. బోర్డు మీద ఊడిన అతుకేదో వేడికి మళ్లీ అంటుకుని ఉంటుందని తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఇద్దరిలో ఎవరమూ గడప దాటలేదు.

"మంగయ్య లేచిండు" అన్నాను నేనే, మెల్లగా.

ఇప్పుడది నా షాపులోనే ఉంది. దాని మీద అతని పేరే ఉంది. పీకడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. తెరిచి అతుకు వేస్తానంటే నేనివ్వను. కొత్తది కొనుక్కోమంటాడు. కొంటే దీన్ని ఏ అరలో పెట్టాలి? రోజూ ఎనిమిదిన్నరకే వచ్చి, బటన్ నొక్కి, తెర వెలిగేదాకా ఊపిరి బిగబడతాను. తొమ్మిదికి గోడవతల షటర్ లేస్తుంది.

"మంగయ్య లేచిండా అక్కా?" అంటాడు నవ్వుతూ.

"లేచిండు" అంటాను.

మొదట్లో అర నిమిషంలో లేచేది. మొన్న చాలాసేపు పట్టింది. ఈ ఉదయం నాలుగుసార్లు నొక్కాను. అంతలో షటర్ లేచింది, అతను అడిగాడు. ఐదోసారి బటన్ మీద వేలు పెట్టి, తెర ఇంకా నల్లగా ఉండగానే, "లేచిండు" అన్నాను.