దారం బావ గొంతులో పుస్తకం

మా అక్క భర్తను ప్రెస్సులో అందరూ దారం బావ అనేవారు. నిజానికి ఆయన బావ నాకొక్కడికే. నేనక్కడ ప్రూఫులు దిద్దేవాణ్ణి. నా నోట విని విని, చివరికి ఆయనకన్నా పదేళ్ళు పెద్దయిన ఓనరుగారు కూడా అలాగే పిలవసాగారు. మడిచిన అచ్చుకాగితాల ఫారాలను దబ్బనంతో కుట్టి పుస్తకంగా చేయడం ఆయన పని. కిటికీ పక్కనున్న ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళుగా మరొకరు కూర్చోలేదు.

ఆ ఏడు ఆయన నెమ్మదించాడు. కాగితంలోకి దిగిన దబ్బనం పైకి రావాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టుండేది. మిట్టమధ్యాహ్నం ఎండ బల్లంతా పరుచుకున్నా ఒంటిమీది స్వెట్టరు విప్పేవాడు కాదు. పిలిస్తే నీళ్ళ అడుగునుంచి విన్నవాడిలా కాసేపటికి తలెత్తి, బొంగురు గొంతుతో పలికేవాడు. తిండి తగ్గినా ఒళ్ళు బరువెక్కింది. "కుంభకర్ణుడికి ఆర్నెల్లకోసారైనా మెలకువొచ్చేది" అని అక్క దెప్పేది.

ఒకరోజు జిగురు రాసిన రంగుకాగితం మీదే కునుకు తీశాడు. చెంపకు నెమలికన్ను రంగు ముక్క అంటుకుని ఉండగానే వీధులన్నీ దాటి ఇంటికి నడిచాడు. దారిలో నలుగురు పలకరించారు గానీ ఒక్కరూ చెప్పలేదు. పక్కనే నడుస్తున్న నేనూ చెప్పలేదు.

మర్నాడు ఓనరుగారు పిలిచి, రెండు నెలలు చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే కుట్టు మెషీను తెప్పిస్తాననీ, బావ గోడౌనులో కట్టలు చూసుకోవచ్చనీ చెప్పారు. బావ సరేనన్నాడు. సాయంత్రం దారిలో మాత్రం, "అక్కడ కిటికీ లేదోయ్" అన్నాడు. అంతే.

అప్పుడే బడిపిల్లల కోసం శరీరం గురించిన పుస్తకమొకటి అచ్చుకొచ్చింది. ప్రూఫు నేనే చూశాను. చూశాననడం పెద్దమాట, ఆ పూట నాకూ కునుకే పట్టింది. బావ ఫారాలు వరసగా పేరుస్తుంటే ఒక వాక్యం కంటబడింది: గొంతు ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో చిన్న గ్రంథం ఉంటుంది. వేల పుస్తకాలు కుట్టినా, పేజీల అంకెలు తప్ప ఆయన ఏదీ చదివి ఎరగడు. అక్కడ గ్రంథి అని సరిగ్గా పడి ఉంటే, ఏదో డాక్టర్ల మాటనుకుని దాటేసేవాడే. గ్రంథం తన మాట. అందుకే ఆగాడు. అది మందగిస్తే చలి, మగత, బొంగురు గొంతు, ఒంటి బరువు అని కింద వరసగా ఉంది.

ఫారం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. "ఏమోయ్, నా గొంతులో పుస్తకముందట. కుట్టు వదులైనట్టుంది."

నా తప్పు నాకప్పుడు కనబడింది. వెయ్యి ప్రతులు మరి! కానీ ఆయన చెయ్యి గొంతుమీద, పిట్టను పట్టుకున్నంత మెత్తగా ఆని ఉంది. నవ్వబోయి మానేశాను. మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుంటే అక్కడ రెండు పేజీలు రెక్కల్లా విప్పుకుని ముడుచుకుంటున్నట్టుంటుందనీ, వాటి చప్పుడు వింటూ ఎటో తేలిపోతుంటాననీ చెప్పాడు.

మర్నాడు నేను వెంటబెట్టుకుని వెళితే డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటుందట. అది రక్తం ద్వారా పని చెప్పి పంపుతుంది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఆ మాట విని తన హార్మోను వదులుతుంది. గుండె జోరూ ఒంటి వెచ్చదనమూ మెలకువా అన్నీ దాన్నిబట్టే. బావ రక్తంలో పైనుంచి వచ్చే కబుర్లు ఎక్కువగా ఉన్నాయి, కింద పని తక్కువగా ఉంది.

"మా ఓనరుగారి చీటీల్లాగా" అన్నాడు బావ.

ఆవిడ నవ్వింది. "అది గ్రంథం కాదండీ, గ్రంథి. ఆ మాటకి ముడి అని కూడా అర్థముంది లెండి."

"ముడైతే మరి నా పనేనమ్మా."

రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర. అక్క గ్లాసుతో నీళ్ళు పట్టుకుని మంచం పక్కన నిలబడేది. తప్పయిందని అనలేదు గానీ, ఆ ఇంట్లో కుంభకర్ణుడి పేరు మళ్ళీ వినబడలేదు.

మూడు వారాలు ఏ మార్పూ లేదు. ఆ తర్వాతొక ఉదయం ఆయన స్వెట్టరు కుర్చీ వీపున వేలాడుతోంది. తీసినట్టు ఆయనకే తెలియదు. దబ్బనం ఆలోచించడం మానేసింది. రెండు నెలల గడువు నాడు ఓనరుగారు వచ్చి, బావ అప్పుడే ముగించిన లావుపాటి పుస్తకం అందుకుని చివరి ముడి గట్టిగా లాగి చూశారు. రాలేదు. "మెషీను సంగతి తర్వాత చూద్దాంలే" అని వెళ్ళిపోయారు.

మిగిలింది నా తప్పు. 'గ్రంథం అని ఉన్నచోట గ్రంథి అని చదువుకోగలరు' అన్న చీటీలు వెయ్యి ప్రతుల్లో అతికించడానికి ఇద్దరం కూర్చున్నాం. ఆ రెక్కల చప్పుడు ఇంకా వినిపిస్తోందా అని అడిగాను.

"లేదోయ్" అన్నాడు, కాస్త పోగొట్టుకున్నవాడిలా. "కుట్టు బిగిసింది కదా." తర్వాత లేచి, మేలు చేశావంటూ ప్రేమగా నా చెంప తట్టాడు.

ఆ సాయంత్రం దారిలో నలుగురు నన్ను పలకరించారు. పక్కనే నడుస్తున్న బావ ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు. గుమ్మంలో అక్క నన్ను ఆపి, నా చెంపమీది చీటీని కూడబలుక్కుని పైకి చదివింది.