విరామంలో కలిసిపోయిన పాఠం

ఏ పద్ధతిలో చెబితే పిల్లలకు పాఠం బాగా ఎక్కుతుందో తేల్చడం మా వదిన ఉద్యోగం. ఆ ఏడాది ఒక బడిలో, లెక్కలను ఒక గదిలో టీచరమ్మ బోర్డు మీద చెప్పేలా, పక్క గదిలో పిల్లలే ఒకరికొకరు చెప్పుకునేలా ఏర్పాటు చేసింది. రెండో పద్ధతే గెలుస్తుందని మా అందరి చెవులూ హోరెత్తించింది. తీరా చూస్తే రెండు గదులకూ మార్కులు ఒక్కలాగే వచ్చాయి.

"ఇంతోటిదానికి ఏడాది పట్టిందా వదినా?" అన్నాను.

"ఊరుకోవయ్యా మరిదీ! తేడా కనబడకపోతే నా ఏడాది గంగలో కలిసినట్టే" అంది.

మర్నాడు నన్నూ ఆ బడికి లాక్కెళ్లి, విరామంలో ఆవిడ వరండా స్తంభం చాటున నక్కింది. నన్నూ నక్కమంది గానీ, నా పొట్ట స్తంభానికి అటూ ఇటూ కనబడుతూనే ఉంది.

బోర్డు గది పిల్లలంతా పక్క గది పిల్లల చుట్టూ మూగారు.

"సగంలో సగం పావు అవుతుందే మొద్దూ!" అని ఒకమ్మాయి ఇంకో అమ్మాయికి చెబుతోంది.

రెండు పద్ధతులూ రోజూ ఇక్కడే కలిసిపోతున్నాయన్నమాట, అందుకే మార్కుల్లో తేడా లేదు. వదిన తల పట్టుకుంటుందనుకున్నాను. ఆవిడ చాటు వదిలి వెళ్లి, చెప్పించుకుంటున్న పిల్ల పక్కనే చతికిలబడింది.

"మీ టీచర్నే అడగొచ్చుగా?"

"మొద్దూ అంటారు."

"ఇదీ అందిగా?"

"దీన్నైతే నేనూ తిరిగి అనొచ్చు."

వదిన నావైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"మరిదీ, మళ్లీ మొదటినుంచి చెయ్యాలయ్యా!"